పాత పాటకు వారసులు



రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వైపు వెళ్లే రహదారిలో నగరం వెనకబడ్డాక సిల్తరా ఉక్కు, స్పాంజ్ ఐరన్ కార్ఖానాలు వస్తాయి. వాటిని దాటితే ధర్సీవా. ఒకపక్క వరిమళ్లు, మరోపక్క రాత్రింబవళ్లు షిఫ్టుల్లో నడిచే కొలుములు. రాయపూర్ నుంచి ప్రసారమయ్యే వివిధ భారతి, మై ఎఫ్.ఎం., మిర్చి, రంగీలా ఇక్కడి టీకొట్లలో, లారీ క్యాబిన్లలో, ఫోన్లలో వినిపిస్తాయి. ఈ ఊళ్లో నిలబడి ‘పాత పాట అంటే ఏది?’ అని అడిగితే ఒక్క జవాబు రాదు. డెబ్బై ఏళ్ల రైతుకు పాత పాట అంటే రఫీ, ముకేశ్. నలభై ఏళ్ల కార్మికుడికి తను పదో తరగతి చదివిన రోజుల్లో మోగిన పాట. పదిహేనేళ్ల పిల్లకు ఐదేళ్ల కిందటిది కూడా పాతదే. రైల్వే పనికో ఉక్కు పనికో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి రాయపూర్‌లో, భిలాయిలో స్థిరపడ్డ తెలుగు ఇంట్లో అయితే అది ఘంటసాల పాట కావచ్చు, ఇళయరాజా పాట కావచ్చు. పాత పాటలు వినిపించే రేడియో ఇంతమందికీ కలిపి ఒకే పట్టిక వేయాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పట్టికను మార్చుకుంటూ పోవాలి. ఎలా మార్చాలన్నదే ఈ ప్రసంగ విషయం.

పట్టిక మారాలా వద్దా అన్న ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. మారక తప్పదు. తేలవలసింది ఏ లెక్కన మారాలన్నది. ఇప్పుడు చాలా చోట్ల నడుస్తున్నది వయసు లెక్క. శ్రోతల సగటు వయసు ముందుకు జరిగినకొద్దీ ఒక దశాబ్దం పాటలు ముందు చేరతాయి, వెనకనుంచి ఒక దశాబ్దం పాటలు రాలిపోతాయి. ఈ లెక్క సగమే సరైనదని నా అభిప్రాయం. ముందు చేర్చడం సబబే. వెనకనుంచి మొత్తంగా తీసేయడం మాత్రం రేడియో తన రేపటి శ్రోతలను తానే పోగొట్టుకోవడం. పాత పాట బతికేది దాన్ని ఆనాడే విన్నవాళ్ల జ్ఞాపకంలో మాత్రమే అయితే, వాళ్లతోనే అది పోవాలి. అలా పోవడం లేదు. పాటకు వారసులు ఉంటున్నారు. పట్టిక మార్చేవాళ్లు వయసుతో పాటు ఈ వారసత్వాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మన దేశంలో పాటల పట్టికను మొదట శ్రోతలే రాశారు. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు కనుమరుగైంది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. ఆ ఏడాది డిసెంబరులో అమీన్ సయానీ గొంతుతో మొదలైన బినాకా గీత్‌మాలా వారం వారం పాటలకు వరుస సంఖ్యలిచ్చింది. తెలుగు శ్రోతలకు అదే సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై పరిచయం చేసే తెలుగు పాటలు అందాయి. అయిదేళ్లకు, 1957 అక్టోబరు 3న, ఆకాశవాణి వివిధ భారతిని ప్రారంభించి సినిమా పాటకు మళ్లీ తలుపు తీసింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఫర్మాయిష్ ఉత్తరాలు, అంటే ఫలానా పాట వేయమని కోరే ఉత్తరాలు, దేశం నలుమూలల నుంచీ వచ్చాయి. రేడియో విన్నవాళ్లకు ఇప్పటికీ గుర్తున్న రెండు ఊళ్ల పేర్లు ఝుమ్రీ తలైయా, భాటాపారా. ఆ భాటాపారా ధర్సీవాకు ఉత్తరాన, రాయపూర్-బిలాస్‌పూర్ రైలు దారిలోనే ఉంది. అటుకుల మిల్లులు, పప్పు మిల్లులు, ధాన్యం మండీ ఉన్న ఒక చిన్న పట్నం తన కోరికల ఉత్తరాలతో దేశమంతటికీ పరిచయమైంది. ఛత్తీస్‌గఢ్ రేడియో శ్రోతలు ఈనాటికీ ఆగస్టు 20న శ్రోతల దినం జరుపుకుంటారు. 1921లో ఆ నెలలోనే బొంబాయిలో మొదటిసారి పాటలు రేడియో ద్వారా వినిపించాయి.

ఆ ఉత్తరాల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. చిన్న పోస్టుకార్డు. పైన కార్యక్రమం పేరు. కింద సినిమా పేరు, పాట, పాడినవాళ్లు. అడుగున ఊరి పేరు, ఆపైన కోరినవాళ్ల పేర్లు. కార్డులో ఎక్కువ చోటు ఆ పేర్లదే. తాతయ్య, నాన్న, చిన్నాన్న, అక్క, బావ, పిల్లలు, పక్కింటివాళ్లు, ఒక్కోసారి ఊయలలో ఉన్న పసివాడు కూడా. తెలుగులో వివిధ భారతి జనరంజని విన్నవాళ్లకూ ఈ పేర్ల వరస బాగా తెలుసు. పాటకన్నా ముందు పేర్లు చదివేవారు, తమ పేరు వచ్చేదాకా ఇంటిల్లిపాదీ చెవులు రిక్కించేవారు. ఈ కార్డు మనకు ఒక విషయం చెబుతుంది. పాటను కోరింది ఒక వయసు కాదు, ఒక ఇల్లు. తాతయ్య కోరిన పాటకు మనవడు సంతకం పెట్టాడు. ఆ పాట మోగినప్పుడు తన పేరు కోసం ఎదురుచూస్తూ దాన్ని మొదటినుంచి చివరిదాకా విన్నాడు. ఆ పాట అతను పుట్టకముందు వచ్చింది. అయినా ఆ రోజుతో అది అతనిదీ అయింది.

ఫర్మాయిష్ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. ఉత్తరం రాసే అలవాటున్న కొద్దిమందే మళ్లీ మళ్లీ రాసేవారు. చదువురాని వాళ్ల కోరిక, పొలంలోనో కొలిమి దగ్గరో ఉండి రాసే తీరిక లేనివాళ్ల కోరిక ఆ లెక్కలోకి రాలేదు. బాగా తెలిసిన పాటే ఇంకా బాగా తెలుస్తూ పోయింది, తెలియని మంచి పాట బీరువాలోనే ఉండిపోయింది. కాబట్టి ఆ రోజులే మేలని తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ పద్ధతిలో కొత్తవాళ్లు పాత పాటలోకి వచ్చే దారి ఒకటి తనంతట తాను ఏర్పడింది. తర్వాత వచ్చిన శాస్త్రీయ పద్ధతుల్లో ఆ దారి మూసుకుపోయింది.

ఆ పద్ధతుల తీరు ఇది. అమెరికాలో పాత పాటల స్టేషన్లు సుమారు వందమంది శ్రోతలను ఒక హాల్లో కూర్చోబెట్టి కొన్ని వందల పాటల ముక్కలు వినిపిస్తాయి. ఒక్కో ముక్క ఎనిమిది, పది సెకన్లు. పాటలో వెంటనే గుర్తుపట్టే భాగం, మన లెక్కలో పల్లవి మొదటి పాదం. శ్రోత ప్రతి ముక్కకూ మార్కులు వేయాలి. తెలుసా, ఇష్టమా, విని విని విసుగొచ్చిందా. ఎక్కువ మార్కులు వచ్చినవి పట్టికలో ఉంటాయి, తక్కువ వచ్చినవి తప్పుకుంటాయి. ఆ పట్టికను కంప్యూటరు గంటల వారీగా పేరుస్తుంది. 1979లో ఆండ్రూ ఎకనమోస్ స్థాపించిన ఆర్.సి.ఎస్. సంస్థ సెలెక్టర్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చినప్పటినుంచి ఈ పని ప్రపంచమంతా యంత్రం చేతికి పోయింది. ఒకే గాయకుడి పాటలు వెంట వెంట రాకుండా, ఒకే పాట రోజూ ఒకే వేళకు రాకుండా, వేగం ఉన్నదీ నెమ్మదైనదీ కలిసేలా అది చూసుకుంటుంది.

ఇందులో అంకెల నిర్బంధం కూడా ఉంది. ప్రకటనలు, మాటలు పోను గంటకు 12 పాటలు పడతాయనుకుందాం. రోజుకు రెండు గంటల పాత పాటల కార్యక్రమం అంటే 24 పాటలు. పట్టికలో 336 పాటలుంటే ఒక్కో పాట రెండు వారాలకొకసారి వస్తుంది. పట్టికను 504కు పెంచితే మూడు వారాలకొకసారి. రోజూ అరగంట మాత్రమే వినే శ్రోతకు తనకిష్టమైన పాట నెలల తరబడి తగలకపోవచ్చు. అందుకే స్టేషన్లు పట్టికను చిన్నదిగా ఉంచుతాయి. పాట నిడివి కూడా లెక్కలోకి వస్తుంది. గ్రామఫోన్ రికార్డు ఒక పక్కన మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది కాబట్టి 1950ల పాట పొట్టిది. తర్వాతి కాలపు పాట నాలుగైదు నిమిషాలు సాగుతుంది. కొత్త కాలం పాట ఒకటి చేరితే గంటలో ఇంకొకటి పట్టే చోటు తగ్గుతుంది. పట్టిక వేసేవాళ్లకు ఉన్న ఈ ఇబ్బందిని తేలిగ్గా తీసుకోకూడదు. ఒక పాట రావాలంటే ఒక పాట పోవాలి. ఏది పోవాలన్న దగ్గరే పేచీ.

వయసు లెక్క ఇక్కడే రంగంలోకి వస్తుంది. పదిహేనేళ్ల ప్రాయంలో విన్న పాట జీవితాంతం వెంట ఉంటుందని అనుభవం చెబుతుంది. మనస్తత్వ శాస్త్రం కూడా పది నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య కాలపు జ్ఞాపకాలు మనిషిలో దట్టంగా నిలుస్తాయని అంటుంది. 1980లో నలభై ఏళ్ల మనిషికి పదిహేనేళ్లప్పుడు, అంటే 1955లో, మిస్సమ్మ, దొంగరాముడు వచ్చాయి. హిందీలో శ్రీ 420 వచ్చింది. 2000లో నలభై ఏళ్ల మనిషికి ఆ వయసు 1975. ముత్యాలముగ్గు, షోలే వచ్చిన సంవత్సరం. 2025లో నలభై ఏళ్ల మనిషికి 2000. నువ్వే కావాలి, కహో నా ప్యార్ హై. ఛత్తీస్‌గఢీలో మోర్ ఛైయా భుఁయ్యా సరిగ్గా ఆ అక్టోబరులోనే, రాష్ట్రం ఏర్పడడానికి కొద్ది రోజుల ముందు విడుదలైంది. సిల్తరాలో పనిచేసే నలభై ఏళ్ల మనిషికి ఆ చిత్రం పాటలు యౌవనం. వాటిని పాత పాటలుగా ఒప్పుకోని స్టేషన్ ఆ మనిషిని ఒప్పుకోనట్టే. కాబట్టి ముందు చేర్చడంలో రేడియో తప్పేమీ లేదు.

న్యూయార్క్‌లోని డబ్ల్యూ.సి.బి.ఎస్.-ఎఫ్.ఎం. కథ ఈ విషయంలో రెండు పాఠాలు చెబుతుంది. 1972లో అది పూర్తిగా పాత పాటల స్టేషన్ అయింది. 33 ఏళ్ల పాటు 1950లు, 60ల పాటలకు అది నిలయం. 2005 జూన్ 3న యాజమాన్యం ఆ పద్ధతిని ఒక్క రోజులో తీసేసి, రకరకాల కాలాల పాటలు కలగలిపే వేరే పద్ధతి పెట్టింది. శ్రోతలు తీవ్రంగా నొచ్చుకున్నారు. రెండేళ్లు గడిచాక 2007 జూలై 12న స్టేషన్ మళ్లీ పాత పాటలకు వచ్చింది. కానీ ఆ వచ్చిన పట్టిక మునుపటిది కాదు. 1950ల పాటలు బాగా తగ్గాయి, 70ల, 80ల పాటలు పెరిగాయి. ఆ తర్వాత పట్టికలోకి వచ్చే కాలాల కిటికీ ఇంకా ముందుకు జరుగుతూనే ఉంది. మొదటి పాఠం, పాత పాటలను ఒక్క వేటుతో తీసేస్తే శ్రోత క్షమించడు. రెండో పాఠం, మెల్లమెల్లగా తీసేస్తే శ్రోతకు తెలియకుండానే ఒక కాలం మొత్తం గాలిలోంచి మాయమవుతుంది. మొదటిదాన్ని అందరూ గమనించారు. నాకు రెండోదే ఎక్కువ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అడిగేవాళ్లు లేకుండా జరిగే నష్టం అది.

ఎనిమిది సెకన్ల పరీక్ష దేన్ని కొలుస్తుందో చూడండి. ముక్క వినగానే గుర్తుపట్టామా లేదా అన్నదే అందులో ప్రధానం. తెలిసిన పాటకు మార్కులు పడతాయి. తెలియని పాట ఎంత గొప్పదైనా ఎనిమిది సెకన్లలో మనసులోకి దిగదు. మన పాటల విషయంలో ఈ అన్యాయం ఇంకా ఎక్కువ. పాత తెలుగు పాటల్లో చాలావాటికి ముందు సాకీ ఉంటుంది, తాళం లేకుండా మెల్లగా సాగే పాదాలు. ఆ తర్వాత పల్లవి. పాట ప్రాణం చాలాసార్లు రెండో చరణంలో ఉంటుంది, స్వరం పైకి వెళ్లి మళ్లీ పల్లవి దగ్గర దిగే చోట. ఆ పాటను ఎనిమిది సెకన్లలో తూకం వేయడం పెళ్లిచూపుల్లో ముఖం చూపించి వెంటనే తెర దించేయడం లాంటిది. పైగా ఈ పరీక్షకు పిలిచేది ప్రకటనదారులు కోరుకునే వయసువాళ్లనే. వాళ్లు పుట్టకముందు వచ్చిన పాట వాళ్లకు ఎక్కడ తెలుస్తుంది? రేడియో వినిపించదు కాబట్టి తెలియదు. తెలియదు కాబట్టి మార్కులు రావు. మార్కులు రాలేదని రేడియో వినిపించదు. ఈ చక్రంలో పాటకు ఓడిపోవడం తప్ప దారి లేదు.

యువతకు తమ కాలం పాటలే కావాలన్నది ఈ లెక్క కింద ఉన్న నమ్మకం. ఆ నమ్మకం తప్పని చెప్పే ఆధారాలున్నాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో కరోల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్‌తో కలిసి 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇరవై ఏళ్ల ప్రాయం విద్యార్థులకు అయిదు దశాబ్దాల పైబడిన కాలంలో ప్రజాదరణ పొందిన పాటలు వినిపించి, ఏవి తెలుసు, ఏవి నచ్చాయి, ఏవి జ్ఞాపకాలను కదిలించాయి అని అడిగారు. తమ సొంత కాలం పాటలు ముందుండడం ఊహించినదే. తమ తల్లిదండ్రుల యౌవన కాలం, అంటే 1980ల ప్రారంభం నాటి పాటల దగ్గర కూడా ఇష్టం స్పష్టంగా పెరిగింది. 1960ల పాటల దగ్గర మరోసారి పెరిగింది. పరిశోధకులు దీన్ని తరం నుంచి తరానికి జారే జ్ఞాపకంగా చూశారు. ఇంట్లో మోగిన పాట పిల్లల్లో నాటుకుంటుంది. భాటాపారా పోస్టుకార్డు చెప్పిన సంగతినే విశ్వవిద్యాలయం అంకెలతో చెప్పింది.

తెలుగునాట దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. ఈటీవీలో 1996లో మొదలైన పాడుతా తీయగా చూడండి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ముందు నిలబడి ఘంటసాల పాటలు పాడిన పిల్లల్లో చాలామంది, 1974లో ఘంటసాల పోయిన ఎన్నో ఏళ్లకు పుట్టినవాళ్లు. వాళ్లు ఆ పాటను జ్ఞాపకంగా పాడలేదు, నేర్చుకుని పాడారు. అమ్మమ్మ పాడగా విన్నారు, నాన్న కొన్న క్యాసెట్టులో విన్నారు, రేడియోలో విన్నారు. వివిధ భారతి పుట్టిన 1957లోనే విడుదలైన మాయాబజార్, 2010 జనవరిలో రంగుల్లో మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు తాతలు మనవళ్లను వెంటబెట్టుకుని వెళ్లారు. వయసు కిటికీ లెక్క ప్రకారం ఆ పాటలకు అప్పటికే కాలం చెల్లాలి. వారసత్వం లెక్క ప్రకారం వాటికి కొత్త శ్రోతలు అప్పుడే వస్తున్నారు.

ఛత్తీస్‌గఢ్ ఉదాహరణ నా వాదనకు ఇంకా దగ్గరిది. మను నాయక్ తీసిన కహి దేబే సందేస్ 1965లో వచ్చింది. ఛత్తీస్‌గఢీ భాషలో మొదటి చిత్రం. బలౌదా బజార్ దగ్గరి పలారీలో చిత్రీకరణ జరిగింది. మహమ్మద్ రఫీ, మన్నా డే దానికి పాడారు. సినిమాను హాళ్లలో చూసిన తరం చిన్నది. దాని తర్వాత రెండో ఛత్తీస్‌గఢీ చిత్రం ఘర్ ద్వార్ రావడానికి 1971 దాకా పట్టింది, మూడోదానికి 2000 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్యకాలమంతా ఆ భాషలో సినిమా పాట అంటే ఆ కొద్ది పాటలే. వాటిని గాలిలో ఉంచింది 1963 అక్టోబరు 2న మొదలైన రాయపూర్ ఆకాశవాణి. దావూ రామచంద్ర దేశ్‌ముఖ్ 1971లో నెలకొల్పిన చందైనీ గోందా రంగస్థల బృందం కోసం లక్ష్మణ్ మస్తూరియా రాసిన, ఖుమాన్ సావ్ స్వరపరచిన పాటలు కూడా రేడియో ద్వారా పల్లె పల్లెకూ చేరాయి. 1973లో నరేంద్ర దేవ్ వర్మ రాసిన ఒక గీతం 2019 నవంబరులో రాష్ట్ర గీతమైంది. నలభై ఆరేళ్ల పాట బడిపిల్లల ఉదయపు పాట కావడానికి, మధ్యలో ఎవరో దాన్ని మరవకుండా పాడుతూ, వినిపిస్తూ ఉండాలి కదా. దశాబ్దం గడిచింది కాబట్టి తీసేద్దాం అని 1985లో ఒకరు, 1995లో ఒకరు నిర్ణయించి ఉంటే, రాష్ట్రం ఏర్పడిన నాటికి పాడుకోవడానికి ఏ పాట మిగిలేది?

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో మొదటిది పాత పాటల ప్రేమికులదే. ఇప్పటి పాటల్లో సాహిత్యం లేదు, స్వరం లేదు, వాటిని పాత పాటల పక్కన కూర్చోబెట్టకండి అంటారు. ఈ మాటలో ఆవేదన నిజం. కానీ ఇదే మాట ప్రతి తరమూ అన్నది. 1951లో పాతాళభైరవి, మల్లీశ్వరి వచ్చినప్పుడు త్యాగరాజ కీర్తన, రంగస్థల పద్యం తెలిసిన పెద్దలకు సినిమా పాటే చవకబారుగా తోచింది. ఆకాశవాణినుంచి సినిమా పాటను దూరం పెట్టిన కేస్కర్ ఉద్దేశం కూడా అదే. 1989లో గీతాంజలి పాటలు విన్నప్పుడు వాటి పాశ్చాత్య స్వర మేళనాన్ని తప్పుపట్టినవాళ్లున్నారు. ఈరోజు ఆ పాటలు ఏ పాత పాటల సభలోనైనా నిస్సంకోచంగా పాడతారు. ఏ పాట నిలుస్తుందో పుట్టినప్పుడు తెలియదు. ఇరవై అయిదేళ్లు గడిచాక కూడా పెళ్లిళ్లలో, ప్రయాణాల్లో, ఒంటరి రాత్రుల్లో జనం దాన్ని వెతుక్కుంటున్నారంటే అది తన పరీక్షలో నెగ్గిందన్నమాట. అలాంటిదాన్ని లోపలికి రానివ్వకపోవడం పాత పాటను కాపాడడం కాదు, దానికి తోడు లేకుండా చేయడం.

రెండో అభ్యంతరం స్టేషన్ నడిపేవాళ్లది. ప్రకటనల ఆదాయం మీద బతికే ప్రైవేటు స్టేషన్ యాభై అయిదు దాటిన శ్రోత కోసం ఎందుకు ఖర్చు పెట్టాలి అంటారు. రాయపూర్ లాంటి నగరంలో ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. లైసెన్సు రుసుము, స్టూడియో ఖర్చు, పాటల హక్కుల సొమ్ము అన్నీ ప్రకటనల ఆదాయంలోంచే రావాలి. వార్తలు స్వంతంగా ఇచ్చుకునే అనుమతి లేదు కాబట్టి పాటే వాటి సరుకు. ఈ బాధ అర్థం చేసుకోదగినదే. కానీ పెద్ద వయసువాళ్లు ఖర్చు పెట్టరన్న లెక్కను 2017లో సారెగామ సంస్థ తెచ్చిన కారవాన్ పెట్టె తలకిందులు చేసింది. 5000 పాత హిందీ పాటలను ముందే నింపి, పాత రేడియో ఆకారంలో అమ్మారు. తర్వాత తెలుగు పాటల పెట్టె కూడా వచ్చింది. లక్షల్లో అమ్ముడయ్యాయి. వాటిని కొన్నవాళ్లలో ఎక్కువమంది తల్లిదండ్రులకు కానుక ఇవ్వాలనుకున్న కొడుకులూ కూతుళ్లూ. అంటే పాత పాటకు డబ్బు పెట్టేది ఆ పాట విన్న తరం ఒక్కటే కాదు, ఆ తరాన్ని ప్రేమించే తరం కూడా. ప్రకటనదారుడు చూడవలసింది ఈ ఇంటిని. ఇక ప్రజల సొమ్ముతో నడిచే ఆకాశవాణికి ఈ సాకు కూడా లేదు. ప్రైవేటు స్టేషన్ వదిలేసిన కాలాన్ని కాపాడడం దాని బాధ్యతల్లో ఒకటి.

మూడో అభ్యంతరం బలమైనది. ఫోన్‌లో ప్రతి పాటా దొరుకుతున్న రోజుల్లో రేడియో ఏది తీసేస్తే ఏం, కావలసినవాడు వెతుక్కుంటాడు అంటారు. నిజమే, తెలిసినవాడు వెతుక్కుంటాడు. తెలియనివాడు దేన్ని వెతుకుతాడు? పేరు తెలియని పాటను ఏ పెట్టెలోనూ అడగలేం. కారవాన్ పెట్టెలో ముందే నింపినవి ఎప్పటికీ ఆ 5000 పాటలే. ఫోన్ మనం నిన్న విన్నదాన్ని బట్టి ఈరోజు పాట ఎంచి పెడుతుంది, అంటే మన అలవాటునే మనకు తిరిగి వడ్డిస్తుంది. మనం అడగని పాటను, మన వయసుకు చెందని పాటను, టీకొట్టు దగ్గర నిలబడ్డ పదిమందికీ ఒకేసారి వినిపించగలిగేది రేడియో. షిఫ్టు ముగించుకుని వచ్చిన మనిషీ, బడి నుంచి వచ్చిన పిల్లా, బెంచీ మీద కూర్చున్న ముసలాయనా ఒకే పాటను ఒకే క్షణంలో వింటారు. ‘ఇది ఏ సినిమాలోది?’ అని ఒకరు అడుగుతారు, ఇంకొకరు చెబుతారు. వారసత్వం చేతులు మారే క్షణం అదే. దాన్ని వదులుకుంటే రేడియోకు ఫోన్ మీద ఉన్న ఒకే ఒక్క ఆధిక్యం పోతుంది.

మరి పట్టిక వేసేవాళ్లు ఏం చేయాలి? చేయవలసింది పెద్ద పని కాదు. గంటకు 12 పాటల్లో తొమ్మిదింటిని వయసు లెక్క ప్రకారమే వేయనివ్వండి. రెండు పాటలు కొత్తగా పాతబడుతున్న కాలానికి, అంటే ఇరవై, ఇరవై అయిదేళ్లు నిండిన పాటలకు కేటాయించాలి. మిగిలిన ఒక్క పాట అన్నిటికన్నా పాత పొరలోంచి రావాలి. ఆ ఒక్కదానికీ వ్యాఖ్యాత రెండు వాక్యాలు చెప్పాలి. ఎవరు రాశారు, ఎవరు స్వరపరిచారు, ఏ చరణం దగ్గర చెవి పెట్టాలి. తెలియని పాటను పేరు లేకుండా విసిరేస్తే శ్రోత స్టేషన్ మారుస్తాడు, చేయిపట్టి పరిచయం చేస్తే ఆగి వింటాడు. రేడియో సిలోన్ ఉదయం ఏడున్నరకు వచ్చే పాత చిత్రాల పాటల కార్యక్రమాన్ని దశాబ్దాల పాటు కుందన్‌లాల్ సైగల్ పాటతో ముగించింది. 1947లో సైగల్ పోయాడు. ఆయన పోయాక పుట్టిన లక్షలమందికి ఆయన గొంతు తెలిసిందంటే, ఎనిమిది గంటలకు కొద్ది నిమిషాల ముందు ఆ చోటు ఆయనకు పదిలంగా ఉండడం వల్లే. ఒక్క పాట చోటు ఎంత చేయగలదో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పట్టికలోంచి పాటను తప్పించేటప్పుడు కూడా ఒక మర్యాద పాటించవచ్చు. తీసేయడం బదులు విశ్రాంతి ఇవ్వాలి. ఆరు నెలలో ఏడాదో పక్కన పెట్టిన పాటను తిరిగి తెచ్చి మళ్లీ పరీక్షించాలి. విని విని విసుగొచ్చిన పాట ఏడాది తర్వాత తాజాగా తోస్తుంది, దీన్ని రైతుకు వేరేగా చెప్పనక్కర్లేదు, పొలానికి విరామం ఇచ్చేవాడికి ఇది తెలుసు. పరీక్షలు కూడా పల్లవి ముక్కతో ఆపకుండా కొన్ని పాటలనైనా పూర్తిగా వినిపించి జరపాలి. వాటిలో ఆ పాటను ముందు ఎప్పుడూ వినని పిల్లలను కూర్చోబెట్టాలి. తెలిసినవాళ్లు ఎంతమంది అని అడగడంతో పాటు, మొదటిసారి విన్నవాళ్లలో ఎంతమంది మళ్లీ వినాలనుకున్నారు అని అడగాలి. మొదటి ప్రశ్న నిన్నటిని కొలుస్తుంది, రెండోది రేపటిని. ధర్సీవా లాంటి చోట పట్టిక ఒక్క హిందీతో సరిపెట్టుకోకూడదు. ఛత్తీస్‌గఢీ పాత పాటకు, ఈ నేలలో రెండు మూడు తరాలుగా ఉంటున్న తెలుగు, ఒడియా కుటుంబాల పాటకు వారంలో ఒక గంటైనా దొరకాలి. ఒకప్పుడు ఆ తెలుగు ఇళ్లు రాత్రిపూట మీడియం వేవ్ మీద దూరపు స్టేషన్లను వెతుక్కుని తమ పాట వినేవి. వాటి పిల్లలకు ఆ పాట పొరుగు నగరం నుంచే స్పష్టంగా వినిపించగల రోజులివి.

ఈ మార్పు కోసం స్టేషన్ల వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. పట్టికను మొదట రాసింది శ్రోతలే కాబట్టి, దాన్ని సరిదిద్దగలిగేదీ శ్రోతలే. ఈసారి మీ స్టేషన్‌కు ఉత్తరమో, ఫోన్‌లో సందేశమో పంపేటప్పుడు మీకు బాగా ఇష్టమైన పాటను కొద్దిగా ఆపి, మీ పెద్దల కాలం పాటల్లో మీ ఇంటి చిన్నవాళ్లు ఏది కూనిరాగం తీస్తున్నారో గమనించండి. ఆ పాట పేరు రాయండి. కింద ఊరి పేరు, ఆ తర్వాత మీ పేర్లు. చిన్నవాళ్ల పేరు ముందు రాయండి, వయసుతో సహా. వంద ఉత్తరాల్లో అలాంటి వయసులు కనిపిస్తే, ఏ కాలాన్ని పట్టికలోంచి తీసేయవచ్చో నిర్ణయించే చెయ్యి ఒక్క క్షణమైనా ఆగుతుంది.